నాయన సమాధికి రాయి: తాడిపత్రి షెడ్డు పనితనం ఎట్లుంది

తాడిపత్రి బయట బండల పాలిష్ మిషన్ల వరుసలో సమాధి రాళ్లు చెక్కి ఇచ్చే చిన్న షెడ్డు ఒకటుంది. రాయి ఎంపికకూ అక్షరాలకూ మంచి మార్కులే వేయొచ్చు. బిగింపు మాత్రం వాళ్లకు వదలకుండా సొంత బేల్దారితో చేయించుకోవడం మేలు.

అడగ్గానే రాయి అంటగట్టకపోవడం వీళ్ల దగ్గర మొదట నచ్చే గుణం. పెద్దదినానికల్లా సమాధి లేవాలని అన్నదమ్ములు తొందరపడతారు. గుంత పూడ్చిన మన్ను వానకు కుంగుతుంది, నల్లరేగడి చేనైతే మరీ. అందుకే "ఒక వానాకాలం పోనీ అన్నా, మన్ను దిగనీ" అని వెనక్కి పంపుతారు. దిమ్మె కింద 8 ఎం.ఎం. కమ్ములతో 4 అంగుళాల కాంక్రీటు పోసి, గుంత అంచులు దాటి నాలుగు వైపులా అడుగు చొప్పున గట్టి నేల మీద కూర్చోబెట్టాలి. పూడ్చిన మన్ను మీదే పోస్తే నడుమ పగులుతుంది. వారం తగ్గకుండా నీళ్లు పట్టాలి.

చవకని చాలామంది కడప బండ అడుగుతారు. ఇంట్లో పరుచుకోవడానికి దానికి తిరుగులేదు. ఎండకూ వానకూ మాత్రం నలుపు వెలిసి బూడిదరంగు తేలుతుంది, పొరలు లేస్తాయి. సున్నపురాయి కాబట్టి సమాధి మీద కోసి పెట్టిన నిమ్మకాయ రసానికి కూడా మచ్చ పడుతుంది. గ్రానైటే తీసుకోండి. అందులోనూ ఫొటో చెక్కించాలంటే చీమకుర్తి గెలాక్సీ వద్దు, దాని బంగారు చుక్కలు ముఖం మీద మెరుస్తాయి. చుక్కలేని నలుపు కావాలి.

ఫొటో అంటే లోతుగా చెక్కేదేమీ ఉండదు. లేజరు పైపాలిష్‌ను చిన్న చిన్న చుక్కలుగా చెదరగొడుతుంది, చెదిరిన చోటు తెల్లగా కనిపిస్తుంది. అందుకే ముసలాయన తెల్లమీసం, తలపాగా అద్భుతంగా వస్తాయి. చామనఛాయ ముఖమే నలుపులో కలిసిపోతుంది. మిషన్ ఎక్కించే ముందు ముఖం వెలుతురు పెంచమనండి, నుదుటి ముడతలు చెరపొద్దని గట్టిగా చెప్పండి. కంప్యూటరు కుర్రాడికి ముడతలంటే పడదు, నునుపు చేసి ఎవరి నాయననో చేసి పెడతాడు. ఇంకో సంగతి, దీపం నూనె చిందితే ఆ తెలుపు మసకబారుతుంది. దీపంగూడు ఫొటో కింద కాకుండా పక్కకు కట్టించుకోండి.

అక్షరాలు వీళ్ల బలం. రబ్బరు షీటు అంటించి ఇసుకతో కొట్టి 2 నుంచి 3 ఎం.ఎం. లోతు తీస్తారు. వేలితో తడిమితే అంచు తెలియాలి. అంత లోతుంటే నాలుగేళ్లకు రంగు ఊడినా పేరు చదవొచ్చు, మళ్లీ రంగు నింపుకోవచ్చు. అక్షరం అంగుళానికి తగ్గితే ఒత్తులు రంగుతో పూడిపోతాయి. ఫోన్లో పంపిన తెలుగు వాళ్ల పాత ఫాంటులోకి మారేటప్పుడు ఒత్తులు చెదురుతాయి కాబట్టి, షీటు కోయకముందే అసలు సైజులో కాగితం మీద తీయించి చదవండి. ఇంట్లో ఇద్దరు చదివితే ఇంకా మంచిది.

తేదీలే ఎక్కువగా తప్పుతాయి. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అది చాలాసార్లు ఉజ్జాయింపుగా వేసిందే, పుట్టిన ఏడాది ఒక్కటే చెక్కిస్తే చాలు. పోయిన రోజుకు తిథి కూడా వేయించండి, ఏటా దివసానికి పిల్లలు వెతుక్కోనక్కర్లేదు. సంవత్సరం పేరు ఉగాదికి మారుతుంది, జనవరికి కాదు. 2025 ఫిబ్రవరిలో పోయినాయనకు విశ్వావసు అని వేస్తే తప్పు. ఆ ఏడు ఉగాది మార్చి 30న, అంతవరకూ క్రోధి. ఈ లెక్క షెడ్డువాళ్లు చూడరు, మీరే పంచాంగం చూసి రాసివ్వాలి. ఆధార్ పేరు కింద ఊరు పిలిచిన పేరు కూడా వేయించండి.

ఇక బిగింపు. 2 అడుగులకు 3 అడుగుల, 18 ఎం.ఎం. గ్రానైటు దాదాపు 30 కిలోలు తూగుతుంది. దాన్ని వీళ్ల మనుషులు వెనక నాలుగు సిమెంటు ముద్దలు పెట్టి గోడకు అంటిస్తారు. ముద్దల సందుల్లో నీళ్లు దిగి రాయి వదులవుతుంది. వెనకవైపు గరుకు చేయించి, ఖాళీ లేకుండా నిండా గమ్ము పట్టించి, అడుగున అంచు ఆనించి, మూలలకు స్టీలు క్లాంపులు వేయించాలి. కడగడానికి బాత్రూం యాసిడ్ వాడొద్దు, అతుకుల సిమెంటును తినేస్తుంది.

రాయికి అడుగు లెక్క, చెక్కడానికి అక్షరం లెక్క. ఒత్తును వేరే అక్షరంగా లెక్కగట్టరు, అది వీళ్ల పెద్దమనసు. ఫొటో, బాడుగ విడి. రాయిని ఆటోలో పడుకోబెడితే గతుకులకు నడుమ విరుగుతుంది. గోనెసంచుల మీద నిలబెట్టి తాడు కట్టించండి, దారిలో విరిగితే ఖర్చు ఎవరిదో బయల్దేరకముందే రసీదు మీద రాయించుకోండి.