వెళ్లేటప్పుడు ఫాస్ట్‌ట్రాక్, వచ్చేటప్పుడు లాంజ్: ఏడేళ్ల తర్వాత నా లెక్క

2018 ఫిబ్రవరిలో మేం మొదటిసారి దిగిన కరీబియన్ ద్వీపం పేరు చెప్పను. తప్పు వాళ్లది కూడా కాదు. శనివారం మధ్యాహ్నం, మూడు నాలుగు విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగాయి. ఇమిగ్రేషన్ హాల్లో గంటన్నర నిలబడ్డాం. చంకలో రెండేళ్ల పిల్ల, ఒంటి మీద న్యూజెర్సీ చలికి వేసుకున్న స్వెట్టర్లు, బయట ముప్ఫై డిగ్రీల ఎండ. పక్కనే తాడు కట్టిన ఇంకో లైనులోంచి నలుగురు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. "ఈసారి డబ్బు పోతే పోయింది, ఆ లైను కొందాం" అంది మా ఆవిడ.

కొన్నాం. 2025 వేసవి దాకా జమైకాకు మూడుసార్లు, డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానాకు రెండుసార్లు, అరూబాకు ఒకసారి వెళ్లొచ్చాం. కొన్నిసార్లు ఆ డబ్బు కట్టే లైను, అంటే ఫాస్ట్‌ట్రాక్ తీసుకున్నాం, కొన్నిసార్లు విమానం ఎక్కేదాకా కూర్చుని తినే లాంజ్ ఒక్కటే, ఒకసారి ఏదీ లేదు. జమైకా గురించి నేను చెప్పేదంతా 2025 అక్టోబరు 28న మెలిస్సా తుపాను తాకకముందు చూసింది.

ముందు దిగేటప్పటి సంగతి. జమైకాలోని మాంటెగో బే ఎయిర్‌పోర్టులో ఈ సేవ పేరు క్లబ్ మోబే. విమానం దిగి నడుస్తుంటే దారిలోనే ఒక మనిషి మన పేరున్న బోర్డు పట్టుకుని ఉంటారు. ఇమిగ్రేషన్‌లో వేరే లైనుకి తీసుకెళ్తారు, తర్వాత కస్టమ్స్ దాటిస్తారు. మా రెండో ప్రయాణంలో ఇదంతా ఎంత చకచకా అయిందంటే, మా ఆవిడ నావైపు చూసి కళ్లెగరేసింది. ఆ సంబరం బెల్టు దగ్గర దిగిపోయింది. మనం ముందొచ్చామని పెట్టె ముందు రాదు కదా. పెట్టెల కోసం అందరితో పాటే నిలబడ్డాం. అవి వచ్చాక బయటికెళ్లి రిసార్టు బస్సెక్కి కూర్చుంటే డ్రైవరు, "ఇంకా పన్నెండు మంది రావాలి సార్" అన్నాడు. ఆ పన్నెండు మందీ మా విమానంలోవాళ్లే, వెనక లైనులో ఉన్నారు. డబ్బు కట్టి మేం కొనుక్కున్నది ఏసీ బస్సులో ముప్పావుగంట కూర్చునే భాగ్యం.

అందుకే ఎవరు అడిగినా ముందు నేను అడిగేది ఒకటే. రిసార్టుకి పదిమందితో కలిసి వెళ్లే బస్సా, సొంతంగా మాట్లాడుకున్న కారా? బస్సయితే ఫాస్ట్‌ట్రాక్ దండగ. కారు బయట ఎదురుచూస్తూ, పెట్టెలు చేతిలోనే ఉన్నప్పుడు మాత్రమే ఆ డబ్బుకి న్యాయం జరుగుతుంది. దిగే వేళ కూడా చూసుకోవాలి. మంగళవారం రాత్రి ఎనిమిదికి దిగినప్పుడు మామూలు లైనులోనే పది నిమిషాలు పట్టలేదు.

2023లో అమ్మని కూడా తీసుకెళ్లాం. అమెరికాకి విజిటర్ వీసా మీద వచ్చి ఉంది. భారత పాస్‌పోర్టుతో టూరిస్టుగా జమైకా వెళ్లడానికి వీసా అక్కర్లేదు కాబట్టి ఆ బాధ లేదు. టికెట్ బుక్ చేసేటప్పుడే ఎయిర్‌లైన్‌కి వీల్‌చైర్ కావాలని పెట్టాను. మన అమ్మానాన్నల కోసం ఈ పని చేయని తెలుగువాడు ఉండడు, దాని గురించి కొత్తగా చెప్పను. చెప్పేదల్లా ఒకటే, వీల్‌చైర్ ఉన్నచోట ఫాస్ట్‌ట్రాక్ విడిగా కొనకండి. వీల్‌చైర్ తోసే మనిషే అమ్మని, వెంట ఉన్న మమ్మల్ని పక్క దారిలో తీసుకెళ్లాడు. ఆ సేవకి రుసుము ఉండదు, చేతిలో టిప్పు పెడితే చాలు. తెలియక నేను ఫాస్ట్‌ట్రాక్ కూడా కొన్నాను.

ఇంకో సెలవులో, ఇంకో ద్వీపంలో, డబ్బు కట్టిన లైను కూడా బారెడు ఉంది. మా అమ్మ దాన్ని ఒకసారి ఎగాదిగా చూసి, "ఒరేయ్, ఇది మన తిరుమల మూడొందల టికెట్టేరా. అక్కడా డబ్బు కట్టి నిలబడ్డమే, ఇక్కడా డబ్బు కట్టి నిలబడ్డమే" అంది. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. ఒకసారైతే బోర్డు పట్టుకునే మనిషే రాలేదు. విమానం రెండు గంటలు ఆలస్యమైతే మా బుకింగ్‌లో పాత సమయమే ఉండిపోయిందట. డబ్బు వెనక్కి రావడానికి ఆరు వారాలు, ఏడు ఈమెయిళ్లు పట్టాయి. ఏ కంపెనీ అన్నది వదిలేయండి. ఆలస్యమని తెలియగానే మనమే వాళ్లకి మెసేజ్ పెట్టుకోవడం మేలు.

ఇక తిరుగు ప్రయాణం. నా అనుభవంలో లాంజ్ విలువ తెలిసేది ఇక్కడే. రిసార్టు గది పదకొండుకి ఖాళీ చేయమంటారు, విమానం నాలుగింటికి. ఈ మధ్యలో పిల్లలతో ఎక్కడ ఉంటాం? నా క్రెడిట్ కార్డుతో ప్రయారిటీ పాస్ అనే లాంజ్ సభ్యత్వం వస్తుంది, దాంతో క్లబ్ మోబే లాంజ్‌లోకి వెళ్లొచ్చు. కానీ కార్డుతో వచ్చేది లాంజ్ ఒక్కటే. దిగేటప్పటి సేవ అందులో లేదు, సెక్యూరిటీ దగ్గర పక్క లైనూ లేదు. అవి కావాలంటే విడిగా కొనుక్కోవాలి. నలుగురికీ కొంటే రిసార్టులో ఒక రాత్రి అద్దె తేలుతుంది. మీ కార్డు ఎంతమందిని లోపలికి రానిస్తుందో బయల్దేరే ముందు చూసుకోండి. బ్యాంకులు ఈ మధ్య గెస్టులని ఒక్కొక్కరినే కోసేస్తున్నాయి.

లోపల తిండి సంగతి. శాకాహారులు మరీ భయపడక్కర్లేదు. అన్నం, బీన్స్, పళ్లు, కాఫీ దొరికాయి. పొద్దున వెళ్లినప్పుడు క్యాలలూ అని ఒక ఆకుకూర వేపుడు పెట్టారు. అమ్మ ఒక ముద్ద తిని, "ఇది తోటకూర కదరా" అంది. నిజమే, జమైకాలో క్యాలలూ అంటే తోటకూర జాతి మొక్కే. ట్రినిడాడ్‌లో అదే పేరుతో వేరే ఆకుతో వండుతారు. మా అమ్మకి సముద్రం, ఇసుక ఏవీ అంతగా గుర్తు లేవు, ఊళ్లో అందరికీ ఆ తోటకూర కథే చెప్పింది.

పుంటా కానా వేరే లోకం. టెర్మినల్ పైకప్పే తాటాకు పందిరిలా ఉంటుంది. టెర్మినల్ బీలో ఉన్న వీఐపీ లాంజ్‌లో ఈతకొలను ఉంది, రన్‌వే కనిపించేలా. ఎయిర్‌పోర్టులో ఈతకొలనేమిటని నవ్వుకుంటూ వెళ్లినవాణ్ని, రెండు గంటలు పిల్లలని బయటికి లాగలేకపోయాను. ఈత బట్టలు, ఒక ప్లాస్టిక్ సంచి చేతి బ్యాగులో పెట్టుకోండి. మొదటిసారి మేం అన్నీ చెకిన్ పెట్టెలో వేసేశాం, పిల్లలు నిక్కర్లతో దిగారు. దేశంలోకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ డొమినికన్ ప్రభుత్వం ఆన్‌లైన్‌లో ఇ-టికెట్ ఫారం నింపమంటుంది. ఆ క్యూఆర్ కోడ్ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ఎంత ఫాస్ట్‌ట్రాక్ కొన్నా ఆ కోడ్ లేకపోతే పని జరగదు.

అరూబా దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడా, బహామాస్‌లోని నసావులోనూ అమెరికా ఇమిగ్రేషన్ విమానం ఎక్కకముందే అయిపోతుంది. ముందు అరూబా వాళ్ల తనిఖీ, తర్వాత అమెరికా వాళ్ల తనిఖీ. లాంజ్‌లో మూడు గంటలు కాళ్లు చాపుకుందామని వెళ్లిన నాకు చివరికి దొరికింది ఇరవై నిమిషాలు. ఇలాంటి చోట లాంజ్ తనిఖీలకు ఇవతల ఉందో అవతల ఉందో కనుక్కున్నాకే డబ్బు పెట్టండి. ఇవతల ఉంటే టెన్షన్‌తో గడియారం చూస్తూ కాఫీ తాగాలి.

అక్కడ నిజంగా పనికొచ్చింది గ్లోబల్ ఎంట్రీ, అమెరికా ఇమిగ్రేషన్‌ని త్వరగా దాటించే సభ్యత్వం. ఐదేళ్లకు 120 డాలర్లు. భారత పౌరులకూ ఇస్తారు, కాకపోతే మనవైపు పోలీసు వెరిఫికేషన్ కూడా ఉంటుంది కాబట్టి ఓపిక పట్టాలి. న్యూఆర్క్‌లో దిగినప్పుడూ అదే, అరూబాలోనూ అదే పనిచేస్తుంది. ఇదే పనికి ఉచితంగా దొరికే మొబైల్ పాస్‌పోర్ట్ కంట్రోల్ యాప్ హెచ్-1బీ మీద ఉన్న నాలాంటివాళ్లకి వర్తించదు, అందుకే ఇది తీసుకున్నాను. దీంతో వచ్చే ప్రీచెక్ (అమెరికా ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ త్వరగా దాటే సదుపాయం) మాత్రం మాంటెగో బే సెక్యూరిటీలో చూపించకండి. నేను చూపించాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా నవ్వింది.

వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ పుంటా కానా బుక్ చేశాను. బుధవారం దిగుతున్నాం, కారు మాట్లాడుకున్నాం, ఫాస్ట్‌ట్రాక్ తీసుకోలేదు. తిరుగు విమానం టెర్మినల్ బీ నుంచేనా అని మా చిన్నది ఇప్పటికే నాలుగుసార్లు అడిగింది.