చేతికి కట్టే అడుగుల లెక్క: మైక్రోబిట్టా, ఆర్డుయినో నానోనా?

బడిలోని టింకరింగ్ ల్యాబ్‌లో పిల్లలతో అడుగులు లెక్కపెట్టే పట్టీ చేయించాలంటే నాకు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి బీబీసీ మైక్రోబిట్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు. రెండోది ఆర్డుయినో నానో అనే మరో చిన్న బోర్డుకు, కదలికను కొలిచే ఎంపీయూ-6050 సెన్సర్ కలపడం.

మైక్రోబిట్‌లో యాక్సిలరోమీటర్ (త్వరణాన్ని కొలిచే సెన్సర్) బోర్డు మీదే ఉంటుంది. బ్లాకులు పేర్చి ప్రోగ్రామ్ రాసే మేక్‌కోడ్‌లో, బోర్డు ఊపగానే పనిచేసే ‘షేక్’ బ్లాక్ పెట్టి లెక్క ఒకటి పెంచితే చాలు, 25 ఎల్‌ఈడీల మీద అంకె వచ్చేస్తుంది. రెండు ఏఏఏ సెల్స్‌తో నడుస్తుంది.

నానోతో అయితే మొదట్లోనే టెన్షన్. సెన్సర్ నుంచి ఎస్‌డీఏ (డేటా) వైరు నానోలోని ఏ4 పిన్‌కి, ఎస్‌సీఎల్ (క్లాక్) వైరు ఏ5 పిన్‌కి వెళ్లాలి. సోల్డరింగ్ చేయకపోతే చెయ్యి ఊగగానే వైరు ఊడుతుంది. పైగా ఆ రెండు సెల్స్ ఇచ్చే 3 వోల్టులు దానికి చాలవు.

అయినా నానోలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. సెన్సర్‌ని బల్ల మీద కదలకుండా పెట్టినా, ±2జీ రేంజిలో (జీ అంటే గురుత్వ త్వరణం) జెడ్ విలువ, అంటే నిలువు దిశలోది, 16384 దగ్గర కనిపిస్తుంది; అది 1జీకి సమానం. కదలనప్పుడు సున్నా రావాలి కదా అని పిల్లలు అడుగుతారు. గురుత్వాకర్షణ పాఠం అక్కడే మొదలవుతుంది. మైక్రోబిట్‌లోనూ ఈ విలువలు ఉంటాయి, కాకపోతే ‘షేక్’ బ్లాక్ వాటిని దాచేస్తుంది.

అందుకే ఆరు, ఏడు తరగతులకు నేను మైక్రోబిట్టే ఇస్తాను. రెండో క్లాసులో మాత్రం ‘షేక్’ తీసేయించి, ఎంత ఊగితే అడుగో పిల్లలనే తేల్చమంటాను. మణికట్టు తిరిగే వేగం కావాలంటే గైరోస్కోప్ ఉండాలి. అది మైక్రోబిట్‌లో లేదు, ఎంపీయూ-6050లో ఉంది. తొమ్మిదో తరగతి నుంచి నానో ఇవ్వొచ్చు.