తాగుడు మానడానికి మాలా, కేంద్రమా, ఆసుపత్రి ఓపీయా: ఏది మేలు?

మా పెద్దమ్మగారి అబ్బాయి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. ఎనిమిదేళ్ల కాలంలో ఆయన తాగుడు మానడానికి మూడు దారులూ తొక్కాడు. మొదట మాల వేసుకున్నాడు, తరువాత మేమే ఒక డీ-అడిక్షన్ కేంద్రంలో చేర్పించాము, చివరకు ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లాడు. విజయవాడలో ఉంటున్న నేను ఈ మూడింటిలోనూ వెంట తిరిగాను కనుక, ఇదే కష్టంలో ఉన్న ఇళ్లవారు ఏది మేలని నన్ను అడుగుతుంటారు.

మాల సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో చాలామంది మొదట పట్టుకునేది దానినే. అయ్యప్ప దీక్ష కానీ, ఇంద్రకీలాద్రి మీద విరమించే భవానీ దీక్ష కానీ, మండల దీక్ష అంటే 41 రోజులు. ఆ రోజుల్లో కలిగే బలం నిజమైనది. నిన్నటిదాకా సీసా చూపి పిలిచిన స్నేహితులే నేడు "స్వామీ" అని చేతులు జోడిస్తారు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, ఒంటిపూట భోజనం, సాయంత్రం భజన వల్ల తాగే వేళ ఖాళీగా మిగలదు. మా వదిన ఆ 41 రోజులనూ తన కాపురంలో మంచి రోజులుగా ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి అందరికీ తెలిసినదే: ఇరుముడి దించిన రోజుతో గడువు తీరుతుంది, ఆ మర్నాటికి ఏ ఏర్పాటూ ఉండదు. రెండవది ప్రాణానికే ముప్పు, దీని గురించి మాట్లాడేవారు తక్కువ. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగిన మనిషి ఒక్కసారిగా మానితే 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. సాధారణంగా మొదటి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేని మనుషులు కనిపించే స్థితి వస్తుంది, దానికి చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. మా అన్నయ్య రెండవసారి మాల వేసుకున్న మూడవ రోజు గోడ మీద పురుగులు పాకుతున్నాయని రాత్రంతా దులిపాడు. దీక్షలో ఏదో అపచారం జరిగిందని మేము అనుకున్నామే గానీ, అది మద్యం ఆగిన శరీరం చేస్తున్న గోల అని మాకు తట్టలేదు. వీధిలోని ఆర్‌ఎంపీ చేత సెలైన్ పెట్టించాము. తాగేవారి శరీరంలో బి1 విటమిన్, అంటే థయమిన్, తరిగిపోయి ఉంటుంది; అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు హాని జరగవచ్చునని తరువాత డాక్టరుగారు చెప్పినప్పుడు మా గుండెలు జారిపోయాయి.

ఆ భయంతోనే తరువాతి సంవత్సరం కేంద్రానికి పరుగెత్తాము. వదిన గాజులు తాకట్టు పెట్టి మూడు నెలల రుసుము ఒకేసారి కట్టింది. ఆ కేంద్రం పేరు చెప్పను. మొదటి నెల రోజులు కలవనివ్వలేదు, ఫోను ఇవ్వలేదు, మొదటి ఐదు రోజుల్లో డాక్టరు వచ్చి చూడలేదని అన్నయ్య తరువాత చెప్పాడు. తిరిగి వచ్చాక పంతొమ్మిది రోజులు మానాడు. తాగుడు మళ్లీ మొదలైందన్న బాధ కంటే, "నువ్వే నన్ను పట్టించావు" అని వదినతో ఏడాది పాటు సరిగా మాట్లాడకపోవడం మమ్మల్ని ఎక్కువగా కుంగదీసింది. పదో తరగతి చదువుతున్న వాళ్ల అమ్మాయి ఆ ఇద్దరి మధ్య మాటలు మోసింది.

దీనివల్ల కేంద్రాలన్నీ చెడ్డవని నేను అనను. ఇంట్లోనే మరొకరు తాగుతున్నా, ప్రాణం తీసుకుంటానన్న మాటలు వస్తున్నా, ఓపీ చికిత్స ఒకటికి రెండుసార్లు విఫలమైనా, కొంతకాలం చోటు మార్చడం అవసరమే. కానీ చేర్చే ముందు చట్టం తెలుసుకోవాలి. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అటువంటి వారిని చేర్చుకుని వైద్యం చేసే సంస్థకు నమోదు ఉండాలి. తన మంచిచెడ్డలు తాను నిర్ణయించుకోగల మనిషి తన ఇష్టంతోనే చేరాలి. ఆ శక్తి లేనప్పుడు ఆ మనిషి తరఫు ప్రతినిధి కోరికపై చేర్చుకున్నా, మొదటి విడత 30 రోజులకు మించకూడదు. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషిద్ధం. మూడు నెలల కాగితాల మీద ఒకేసారి సంతకం అడిగిన చోట మేము ఈ ప్రశ్నలు వేయలేదు. మీరు వేయండి.

ఇక ఓపీ. గుంటూరు, విజయవాడ రెండింటిలోనూ ప్రభుత్వ సర్వజనాసుపత్రులలో మానసిక వైద్య విభాగాలున్నాయి. అక్కడ చేసే పని రెండు అంచెలుగా సాగుతుంది. మొదటిది వణుకు, ఫిట్స్ రాకుండా మద్యం మాన్పించడం: క్లోర్‌డయజెపాక్సైడ్ వంటి మాత్రను మొదట తగినంత ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపివేస్తారు, థయమిన్ ఇస్తారు, పూర్వం ఫిట్స్ వచ్చినవారిని, మతి తప్పినవారిని వార్డులో ఉంచుతారు. రెండవ అంచె నెలల తరబడి సాగేది. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు, వాటితోపాటు కౌన్సెలింగ్ ఉంటాయి. లివరు, కిడ్నీల స్థితిని, వాడుతున్న ఇతర మందులను చూసి వీటిలో ఏది ఇవ్వాలో డాక్టరు నిర్ణయిస్తారు.

లోపాలు లేవని కాదు. వరుసలో నిలబడితే ఒక రోజు కూలి పోతుంది. అన్నిటికంటే పెద్ద లోటు, సాయంత్రం ఆరు గంటలకు మనిషి అదే వీధిలో, అదే దుకాణం ముందు నుంచి ఇంటికి రావాలి. కేంద్రం గోడలు ఆ ఒక్క పని చేస్తాయి, ఓపీ చేయలేదు. అయినా గోడలు దాటిన రోజున ఎవరైనా ఆ దుకాణం ముందు నుంచే నడవాలి కనుక, ఆ నడకను ఇంటి మనుషులతో కలిసి, మాత్ర వేసుకుంటూ నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన వారిలో ఏదో ఒక సహాయం అందినది ప్రతి 38 మందిలో ఒకరికే. ఇంత మందికి మంచాలు ఎక్కడా సరిపోవు. ఓపీ తలుపు మాత్రం తెరిచే ఉంది.

అన్నంలో రహస్యంగా కలిపే "మాన్పించే పొడి" గురించి ఒక్క మాట. అందులో డైసల్ఫిరాం ఉంటే, మనిషికి తెలియకుండా ఇచ్చినప్పుడు ఆయన తాగగానే వాంతులు, గుండెదడ కలిగి, రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. ఆ మందును మనిషి ఒప్పుకోలుతో, డాక్టరు పర్యవేక్షణలో మాత్రమే ఇవ్వాలి. ఈ దారిని నేను పోలికలోకే తీసుకోను.

కాలేజీ పిల్లల గంజాయి విషయంలో లెక్క కొంత మారుతుంది. గంజాయి మానినప్పుడు చిరాకు, నిద్రలేమి ఉంటాయి గానీ మద్యం మానినప్పటి ఫిట్స్ ముప్పు సాధారణంగా ఉండదు కనుక ఎక్కువమందికి ఓపీయే చాలు. కేసు అవుతుందన్న భయంతో పిల్లవాడిని దాచవద్దు. ఎవరికి చెప్పుకోవాలో తెలియనివారు ముందుగా మత్తు మానడానికి సాయపడే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు గానీ ఫోను చేయవచ్చు.

మా అన్నయ్య మానివేసి పద్నాలుగు నెలలయింది. మధ్యలో రెండుసార్లు జారాడు. రెండుసార్లూ మర్నాడే వదినతో కలిసి ఓపీకి వెళ్లాడు. ఈ కార్తీకంలో భవానీ మాల వేసుకుంటానన్నప్పుడు వదిన ముందు భయపడింది, తరువాత, "డాక్టరుగారిని అడిగి వేసుకోండి" అంది. డాక్టరుగారు వద్దనలేదు. మాత్రల డబ్బా దేవుడి గదిలోకి చేరింది, మధ్యాహ్నం భిక్ష కాగానే వదిన చేతి మీదుగా మాత్ర వేసుకుంటున్నాడు. దీక్ష ఎప్పుడు విరమిస్తాడో అడిగి తెలుసుకుని, ఆ మర్నాడే ఓపీకి రమ్మని చీటీ మీద డాక్టరుగారు తేదీ వేశారు.