బ్రూక్స్ ఓడ బొమ్మ వెంట: హల్, విస్‌బీచ్, లివర్‌పూల్, లండన్

ఇంగ్లండ్‌లో బానిస ఓడల చరిత్ర చూడాలనుకునేవాళ్లకు మొదట తట్టేది లివర్‌పూల్. చేతిలో ఒక్కరోజే ఉంటే మాత్రం హల్‌కే వెళ్లాలి. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి నేరు రైలుంది, రెండున్నర గంటల పైచిలుకు. స్టేషన్ నుంచి పాత ఊళ్లోకి ఇరవై నిమిషాలు నడిస్తే హై స్ట్రీట్‌లో, బానిస వ్యాపారాన్ని ఆపాలని పోరాడిన పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్ పుట్టిన ఇల్లు వస్తుంది. టికెట్ లేదు.

అక్కడున్న బ్రూక్స్ అనే బానిస ఓడ నమూనా దగ్గర తీరిగ్గా నిలబడండి. పార్లమెంటు సభ్యులకు చూపించడానికి విల్బర్‌ఫోర్స్ వాడింది దాన్నే. ఓడలో ఎంతమంది బానిసల్ని ఎక్కించవచ్చో పరిమితి పెట్టిన 1788 చట్టం ఆ ఓడలో 454 మందికి అనుమతిచ్చింది. మగవాళ్లకు తలా 6 అడుగుల పొడవు, 16 అంగుళాల వెడల్పు లెక్కన పక్కపక్కనే పేర్చి గీసిన బొమ్మను 1789లో బానిస వ్యాపారాన్ని వ్యతిరేకించే లండన్ కమిటీ అచ్చువేసి పంచింది. ఘోరమంతా అదేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చట్టం పగ్గం వేశాక ఉన్న స్థితి! అంతకుముందు ఒక ప్రయాణంలో అదే ఓడలో 609 మందిని కుక్కారు.

విస్‌బీచ్‌కు రైలు లేదు. పీటర్‌బరోలో దిగి బస్సెక్కాలి, సగం రోజు ఖర్చవుతుంది. అయినా అక్కడి మ్యూజియంలో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా ప్రచారం చేసిన థామస్ క్లార్క్‌సన్ పెట్టె కోసం వెళ్లవచ్చు. మనుషుల్ని కాదు, సరుకుల్ని కొనండని చెప్పడానికి ఆఫ్రికా బట్టలు, చెక్కలు, మిరియాలు అందులో పెట్టుకుని సభలకు తిరిగాడు. బానిస ఓడల్లో వాడే బేడీలు, బొటనవేళ్లు నలిపే మరలు, తిండి మానేసినవాళ్ల దవడలు తెరిచే ఇనుప పరికరం లివర్‌పూల్ దుకాణంలోనే కొన్నాడు. మ్యూజియం అన్ని రోజులూ తెరవరు, ముందే కనుక్కోండి.

లివర్‌పూల్‌లోని అంతర్జాతీయ బానిసత్వ మ్యూజియాన్ని 2025 మొదట్లో పునర్నిర్మాణం కోసం మూసేశారు. తెరిచారో లేదో చూసుకునే బయల్దేరండి. టౌన్ హాల్ గోడ మీద ఏనుగులు, మొసళ్లతో పాటు చెక్కిన ఆఫ్రికా మనిషి తల రోడ్డు మీంచే కనిపిస్తుంది. 1781లో 130 మందికి పైగా బానిసల్ని సముద్రంలోకి తోసేసిన జాంగ్ ఓడ యజమానుల్లో ముఖ్యుడు విలియం గ్రెగ్‌సన్ ఈ ఊరికి మేయరుగా చేసినవాడే. ఆ యజమానులు 1783లో కోర్టుకెళ్లింది తలకు 30 పౌండ్ల బీమా సొమ్ము కోసం, హత్యానేరం మీద కాదు. రేవు ఒడ్డు హోటల్ గదుల ధరలు ఫుట్‌బాల్ రోజుల్లో మండిపోతాయి, లైమ్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర చూసుకోండి.

లండన్ దాటలేనివాళ్లు వెస్ట్ ఇండియా కీ స్టేషన్‌లో దిగి డాక్‌ల్యాండ్స్ మ్యూజియం చూడవచ్చు, అదీ ఉచితమే. వెస్టిండీస్‌లో బానిసలు పండించిన చెరకు చక్కెరను నిలవ చేసిన 1802 నాటి గోదాం అది. ఆ బానిసల్ని కొనడానికి ఆఫ్రికా తీరంలో మారకంగా ఇచ్చిన సరుకుల్లో మన కోరమాండల్ నూలు బట్టలూ ఉండేవి. చక్కెర, బానిసత్వం మీద ప్రత్యేక గ్యాలరీ ఉంది, రెండు గంటలు పెట్టుకోండి.