ఆకు రాలాక, మంచు పడకముందు: నోవా కాహన్ 'స్టిక్ సీజన్' ఆల్బమ్

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. అమెరికా ఈశాన్య మూలన వెర్మాంట్ అని చిన్న రాష్ట్రం ఉంది, అక్టోబరులో అక్కడి చెట్లన్నీ ఎర్రగా, పసుపుగా మారతాయి, చూడ్డానికి ఎక్కడెక్కడినుంచో కార్లేసుకుని వస్తారు. బాగా మంచు పడ్డాక స్కీయింగ్ కోసం మళ్లీ జనం. ఈ రెండింటి మధ్య కొన్ని వారాలు మాత్రం ఎవరూ రారు, ఆకులన్నీ రాలిపోయి, మంచు ఇంకా పడక, కొండల మీద చెట్లు ఉత్త పుల్లల్లా నిలబడి ఉంటాయి. ఆ రోజుల్ని అక్కడివాళ్లు స్టిక్ సీజన్ అంటారు. నాకైతే మన శూన్యమాసం గుర్తొచ్చింది. పెళ్లీ పేరంటం ఉండదు, ఊరంతా దేనికోసమో ఆగినట్టు ఉంటుంది చూడండి, అలాంటి కాలం.

నోవా కాహన్ అక్కడి కుర్రాడే. 1997లో పుట్టాడు, వెర్మాంట్‌లోని స్ట్రాఫర్డ్ అనే పల్లెలోనూ, కనెక్టికట్ నది దాటితే పక్క రాష్ట్రం న్యూ హాంప్‌షైర్‌లో వచ్చే హానోవర్‌లోనూ పెరిగాడు. 2019లో 'బిజీహెడ్' అని మొదటి ఆల్బమ్ వచ్చింది, దాన్ని నేను తర్వాత వెతుక్కుని విన్నాను. గొంతు బాగుంది కానీ ఆ పాప్ పాటలు ఇంకెవరు పాడినా అలాగే ఉండేవి అనిపించింది. కరోనా టైంలో ఇంటికెళ్లి ఉండిపోయాక అసలు మనిషి దొరికాడు. 2020లో 'స్టిక్ సీజన్' అనే పాట ముక్క టిక్‌టాక్‌లో పెట్టాడు, పూర్తి పాట 2022 జూలైలో, అదే పేరుతో 14 పాటల ఆల్బమ్ ఆ ఏడు అక్టోబరులో వచ్చాయి. ఆ 'స్టిక్ సీజన్' పాటే 2024 జనవరికి బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, ఆ ఏడు గ్రామీల్లో కొత్త కళాకారుల విభాగంలో నామినేషన్ కూడా వచ్చింది.

నేను ఈ ఆల్బమ్ విన్నది 2022 నవంబరులో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌లో ఎమ్మెస్ మొదటి సెమిస్టర్, నాలుగున్నరకే చీకటి పడిపోతోంది, బస్సు కిటికీలోంచి చూస్తే అవే పుల్లలు. రూమ్మేట్ వినమని పంపిన లింక్ ఇది. ఆల్బమ్‌లో మొదట వచ్చే పాట 'నార్తర్న్ యాటిట్యూడ్' అయ్యేసరికి బస్సు దిగాల్సిన చోటు దాటిపోయింది, పర్లేదనుకుని నడిచాను, నడుస్తూనే మిగతాది విన్నాను. చలిలో, చీకట్లో పెరిగినవాడు కాస్త ముడుచుకుపోయి ఉంటాడు, ఓపిక పట్టండి అని చెప్పుకునే పాట అది.

గిటార్, బాంజో, మాండొలిన్, కాలితో నేలని తన్నినట్టుండే డ్రమ్ము. వాయిద్యాలు పాతవే. కొత్తదనం అతని మాటల్లో ఉంది. ఊరు వదిలి వెళ్లిపోయిన వాళ్ల మీద కోపం, వదల్లేకపోయినందుకు తన మీద తనకి కోపం, అయినా ఆ ఊరి మీద చావని ప్రేమ, మూడూ ఒకే పాటలో పాడతాడు, ఏ ఒక్కటీ దాచడు. 'ఆరెంజ్ జ్యూస్' అని ఒకటుంది. ఒక కారు ప్రమాదం తర్వాత మందు మానేసి దూరమైపోయిన స్నేహితుణ్ణి చాలా కాలానికి మళ్లీ ఇంటికి పిలవడం, అంతే కథ. మెల్లగా మొదలై, ఇద్దరి మధ్యా చెప్పుకోకుండా మిగిలిపోయిందంతా చివర్లో బయటపడుతుంది. మూడుసార్లు వరసగా విన్నాను, ఏడ్చాను కూడా.

'గ్రోయింగ్ సైడ్‌వేస్' గురించి తప్పకుండా చెప్పాలి. డిప్రెషన్, థెరపీ, మందులు, ఇవన్నీ దాపరికం లేకుండా పాడాడు. చిన్నప్పటినుంచీ థెరపీకి వెళ్తున్నానని బయట కూడా చెబుతాడు, 2023లో మానసిక ఆరోగ్యం కోసం నిధులు సేకరించడానికి ఒక సంస్థ మొదలుపెట్టాడు. మన ఇళ్లల్లో ఈ మాట ఎత్తితే "అంతా బాగానే ఉంది కదా, నీకేం తక్కువ" అంటారు. బాగానే ఉన్నా లోపల బాగుండకపోవచ్చని చెప్పే పాట ఎవరికైనా పంపాలంటే నేను దీన్నే పంపుతాను.

లోపాలూ ఉన్నాయి. చాలా పాటలు ఒకే దారిలో పోతాయి, మెల్లగా మొదలై, బాంజో అందుకుని, ఆఖరికి అందరూ కలిసి అరిచేదాకా. పదో పాటకి ముందే తెలిసిపోతుంది. 'స్ట్రాబెరీ వైన్' నిడివి నాకు ఎక్కువే అనిపించింది. తర్వాత పోస్ట్ మలోన్, హోజియర్ లాంటి పేరున్న గాయకులతో కలిసి పాడిన వెర్షన్లు వచ్చాయి, హోజియర్‌ది బాగుంది, కొన్ని లేకపోయినా నష్టం లేదు. కొత్తగా వినేవాళ్లు 14 పాటల అసలు ఆల్బమ్‌తోనే మొదలుపెట్టండి, షఫుల్‌లో మాత్రం వద్దు.

ఒక్క పాట కోసం మాత్రం ఇదే ఆల్బమ్‌ని పెంచి 2023 జూన్‌లో తెచ్చిన ఎడిషన్ వినండి, 'ద వ్యూ బిట్వీన్ విలేజెస్'. కారులో సొంత ఊరికి తిరిగొస్తూ, దారిలో కనిపించే ఒక్కొక్కటీ గుర్తుపడుతూ, పొలిమేర దగ్గరపడేకొద్దీ గుండె బరువెక్కడం. పెంచిన వెర్షన్‌లో స్ట్రాఫర్డ్ ఊరివాళ్లు తమ ఊరి గురించి చెప్పుకునే మాటలు మధ్యలో కలిపారు. మాది పాలకొండ దగ్గర ఊరు. ఆ గొంతులు వింటుంటే మా బస్సు మలుపు తిరిగి తాటిచెట్లు కనబడినట్టే ఉంది. ఫోన్‌లో అమ్మకి వినిపించాను. ఇంగ్లీషు అర్థం కాదు ఆమెకి. "ఇంటికెళ్తున్నాడేట్రా?" అంది.