అంబాసిడర్ డిక్కీ అట్టలు: రెడీమేడ్ సెట్టు మేలా, అనంతపురంలో చేయించుకోవడం మేలా?

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ కారు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. అయినా మన సీమ ఊళ్ళలో ఈ బళ్ళను ప్రాణంగా చూసుకునే వాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంజిన్ పని, టింకరింగ్, పెయింటింగ్ అన్నీ శ్రద్ధగా చేయిస్తారు. తీరా డిక్కీ మూత ఎత్తితే లోపలి రేకును కప్పే అట్టలు ఉబ్బి, వాటి మీది రెగ్జిన్ ఊడి వేలాడుతూ కనిపిస్తాయి. వాటిని మార్చడానికి నాలుగు దారులున్నాయి: రెడీమేడ్ సెట్టు, హార్డ్‌బోర్డు, ప్లైవుడ్, పీవీసీ షీటు. మా అంబాసిడర్‌కు పక్క అట్టలు హార్డ్‌బోర్డుతో, అడుగు పలక ప్లైవుడ్‌తో చేయించాను. అదే సరైన పద్ధతని గట్టిగా నమ్ముతున్నాను.

రెడీమేడ్ సెట్టు కావాలంటే అనంతపురం వాళ్ళం బెంగళూరు జేసీ రోడ్డుకు పోతాం. కర్నూలు వాళ్ళకు హైదరాబాదు దగ్గర, కడప వాళ్ళకు చెన్నై పుదుపేట ఉంది. కోసి, రెగ్జిన్ అంటించి ఇస్తారు కాబట్టి చూడటానికి బాగుంటుంది. ఇబ్బంది బిగించేటప్పుడు మొదలవుతుంది. నలభై ఏళ్ళ బండికి వెనక ఎప్పుడో ఒకసారి దెబ్బ తగిలి ఉంటుంది, టింకరింగ్ జరిగి ఉంటుంది. ఎడమ పక్కకూ కుడి పక్కకూ కొలతలో తేడా వచ్చేసి ఉంటుంది. సెట్టును మోడల్ కొలతకు కోస్తారు, మీ బండి కొలత వాళ్ళకు తెలియదు. పాత రంధ్రాలు కలవకపోతే మెకానిక్ రేకుకు కొత్తవి వేస్తాడు. రంగు లేచిపోయిన ఆ రంధ్రం అంచు దగ్గరే తర్వాత తుప్పు మొదలవుతుంది. పాత అట్టలు పూర్తిగా పోయి, కొలత తీయడానికి ముక్క కూడా మిగలని బండికైతే రెడీమేడ్ తప్పదు. మిగతావాళ్ళకు అది కొనమని నేను చెప్పను.

పీవీసీ నురుగు షీటు గురించి షాపుల్లో చాలా గొప్పగా చెబుతారు. నీళ్ళకు ఉబ్బదు, చెదలు పట్టవు. రెండూ నిజమే. కానీ మన ఎండ సంగతి చూడాలి. మే నెలలో కర్నూలులో, అనంతపురంలో బండి బయట నిలబెడితే డిక్కీ మూత రేకు 60 డిగ్రీలు దాటిపోతుంది. పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడే సరుకు. అంతకు ముందే బరువు పడిన చోట వంగుతుంది. పైగా వేడికి సాగుతుంది. మీటరు పొడవు షీటు 40 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైగానే పెరుగుతుంది. స్క్రూలు గట్టిగా బిగించి ఉంటే ఆ పెరుగుదలకు చోటుండదు, షీటు మధ్యలో పొట్టలా ఉబ్బుతుంది. ఇదే వేయించాలనుకుంటే రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా చేయించండి.

ప్లైవుడ్ అడుక్కి బాగుంటుంది. స్టెప్నీ, జాకీ, సామాన్ల మూటలు అన్నీ పడే చోటు అది. 6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 9 అయితే ఇంకా నిశ్చింత. షీటు మీద భారత ప్రమాణాల (ఐఎస్) ముద్ర చూసి కొనండి: ఐఎస్ 710 అంటే మెరైన్ రకం. ఐఎస్ 303లో రెండు రకాలుంటాయి. వాటిలో మరిగే నీళ్ళకు కూడా తట్టుకునే బీడబ్ల్యూఆర్ పరవాలేదు, తేమకు మాత్రమే తట్టుకునే ఎంఆర్ వద్దు. పక్కలకు మాత్రం ప్లైవుడ్ పనికిరాదు. చక్రం మీది వంపు దగ్గర అది ఒదగదు, బలవంతంగా వంచి బిగిస్తే స్క్రూల మీద ఒత్తిడి పడి గతుకుల్లో కిటకిటలాడుతుంది.

పక్కలకు 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డే సరి. పలుచగా ఉంటుంది, వంపుకు లొంగుతుంది, కుషన్ షాపుల వాళ్ళకు చేయి తిరిగిన పని. ఎండకు దాని కొలత పెద్దగా మారదు. దానికి శత్రువు నీళ్ళు. అది కూడా అంచుల నుంచి, రంధ్రాల నుంచి లోపలికి పోతాయి. మన జిల్లాలో వాన తక్కువ కదా అని తేలిగ్గా తీసుకుంటాం గానీ, వాటర్ సర్వీసింగ్‌లో పైపు పెట్టి కొట్టే నీళ్ళు ఏడాది పొడుగునా ఉన్నాయి. కాబట్టి ముక్క కోసి రంధ్రాలు పెట్టాక, రెగ్జిన్ అంటించకముందే, వెనక వైపు, అంచులు, రంధ్రాల లోపల రెండు సార్లు వార్నిష్ పట్టించాలి. నేను ఇదే అడిగితే కుషన్ షాపు భాయ్ నవ్వాడు.

"లోపలి పక్కకు ఎందుకు సార్, ఎవరికి కనబడుతుంది?"

"కనబడని పక్కే ముందు పాడవుతుంది భాయ్, కొట్టండి" అన్నాను. కొట్టాడు.

పాత అట్ట ఎంత పాడైనా పారేయకండి. పొడిపొడిగా ఉంటే టేపు వేసి నిలబెట్టి, ముందు మందమైన కాగితపు అట్ట మీద గీయించి, ఆ నమూనాను బండిలో పెట్టి చూడాలి. ఉబ్బిన అంచు అసలు కొలత కంటే పెద్దదిగా ఉంటుంది, నేరుగా హార్డ్‌బోర్డు మీద గీస్తే ఆ తప్పు కొత్తదానికీ వస్తుంది. ఎడమ నమూనా తిరగేసి కుడికి వాడనివ్వకండి.

రెగ్జిన్‌ను ముప్పావు అంగుళం వెనక్కి మడిచేలా వదిలి కోయాలి. వంపుల దగ్గర మడతలో చిన్న చిన్న వీ ఆకారపు కోతలు పెడితే ముడతలు రావు. రబ్బరు జిగురు రెండు ముఖాలకూ రాసి, వేలికి అంటుకోనంతగా ఆరాకే కలపాలి. తడిగా ఉండగా కలిపితే ఎండాకాలంలో బుడగలు లేస్తాయి. వేడికి తట్టుకునే రకం జిగురు అడిగి కొనండి, డబ్బా కాస్త ఖరీదైనా సరే. మామూలుది మన ఎండకు మెత్తబడి, పై అంచు దగ్గర రెగ్జిన్‌ను వదిలేస్తుంది.

అట్టలు బిగించే ముందు డిక్కీ బీడింగ్ రబ్బరు, అంటే మూత ఆనే అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, చూడాలి. దాని మీద సుద్ద పొడి రాసి మూత వేసి తీయండి. మూత అంచు మీద తెల్ల గీత తెగిన చోట నీళ్ళు దిగుతున్నట్టే. ఆ రబ్బరు మార్చకుండా ఏ అట్ట వేసినా డబ్బు దండగ. రేకు మీద తుప్పుంటే గీకి తుప్పు పట్టనివ్వని రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టించండి, ఎందుకంటే అట్ట పడ్డాక మళ్ళీ అది కంటికి కనబడదు.

స్క్రూలు స్టీలువి వాడండి, తల కింద కప్ వాషర్లతో (గిన్నెలా ఉండే బిళ్ళలు). పొడవు అరంగుళం దాటొద్దు. వెనక వైరింగ్ ఉంటుంది, కొన్ని బళ్ళలో పెట్రోలు గొట్టం కూడా ఉంటుంది. కొత్త రంధ్రం వేయాల్సి వస్తే అవతల ఏముందో చేత్తో తడిమి చూసేదాకా డ్రిల్లు పెట్టనివ్వకండి. వెనక లైట్ల దగ్గర అట్టకు విడిగా ఊడే చిన్న మూత పెట్టించండి. బల్బు పోయిన రాత్రి అట్ట మొత్తం విప్పే పని ఉండదు.