నీతిబోధ పీరియడా, రోజువారీ నడవడికా?

కథోలిక బడి ఆశయాన్ని పిల్లలకు అందించడానికి మన చిత్తూరు, తిరుపతి బడుల ముందు రెండు దారులున్నాయి.

వారానికో నీతిబోధ పీరియడ్ పెట్టడం మొదటిది. టైంటేబుల్లో చోటు ఖాయం, కథోలిక పిల్లలకు అదే వేళ సత్యోపదేశం, అంటే తమ విశ్వాసం గురించిన పాఠం, చెప్పొచ్చు. కానీ పరీక్షలు దగ్గరపడితే ముందు పోయేది ఆ పీరియడే.

రెండోది, ఆశయాన్ని రోజూ జరిగే పనుల్లో కలపడం. 1965లో రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కథోలిక బిషప్పుల సభ) విద్యా ప్రకటన కోరిందీ ఇదే: సువార్త స్ఫూర్తితో స్వేచ్ఛ, ప్రేమ నిండిన వాతావరణం. మన బడుల్లో అయితే, ఫీజు కట్టని బిడ్డ పేరు అసెంబ్లీలో చదవకుండా తల్లిని పక్కకు పిలిచి మాట్లాడటం, ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లాడి తెలుగు విని ఎవరూ నవ్వకుండా చూడటం, ఆయమ్మను గౌరవంగా పలకరించడం. ఇది కష్టమైన దారి. ఇతర మతాల టీచర్లకూ ఆశయాన్ని ఎవరైనా ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పాలి. అన్నట్టు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. పేదబిడ్డను ఆదరించడానికి ఏ సమ్మతీ అక్కర్లేదు.

నేనైతే రెండోదాన్నే ఎంచుకుంటాను. పీరియడ్ తీసేయమనను, ఆ వారం బడిలో జరిగిన గొడవ గురించో, సాయం గురించో పిల్లలతో మాట్లాడించడానికి వాడుకోమంటాను.